కాపలా కాసినోడికి కునుకు బాకీ

ట్రైనింగుల్లో, స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో మనందరం విన్న మాట ఒకటుంది. "టీచర్ అన్నవాడు ఇంటి సంగతులు బడి గేటు బయటే వదిలేసి లోపలికి రావాలి." ఆ మాటకు మనం చప్పట్లు కూడా కొడతాం. పదిహేనేళ్ళ సర్వీసులో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఈ వ్యాసం ఆ మాటకు ఎదురు చెప్పడానికే రాస్తున్నాను.

కోపాన్ని గేటు బయట వదలొచ్చు. అప్పుల బెంగను కాసేపు పక్కన పెట్టొచ్చు. నిద్రలేమిని ఎక్కడ వదులుతాం? అది కంట్లో ఉంటుంది, నడుములో ఉంటుంది, నాలుక మీద ఉంటుంది. హాజరు పట్టీ దాకా, నల్లబల్ల దాకా మనతోనే వస్తుంది. చంటిపిల్లలున్న టీచర్లు రోజూ ఆ ఒంటితోనే పాఠం చెబుతున్నారు. అది వాళ్ళ ఇంటి గొడవ అని బడి చేతులు దులుపుకుంటున్నది. నేను అనేది ఒక్కటే. బిడ్డ కోసం రాత్రి మేలుకోవడం కూడా పనే. ఆ పని చేసేవాళ్ళ కోసం బడి గంట కొంచెం జరగాలి. గంటకు జరగడం చేతకాక కాదు, మన కోసం జరపమని మనం అడగక అది అక్కడే ఉంది.

ముందు నా సంగతి చెబుతాను. నేను కోయవాణ్ణి. మాది ఏటూరునాగారం దగ్గర గూడెం. డీఎడ్ చేసి, డీఎస్సీలో ఓపెన్ కోటా కింద హైదరాబాద్ జిల్లాలో ఎస్జీటీ పోస్టు తెచ్చుకున్నాను. పాతబస్తీలో ప్రాథమిక బడి. చాంద్రాయణగుట్టలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. నా భార్య స్టాఫ్ నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా. పెద్దపాపకు పన్నెండేళ్ళు. చిన్నోడికి పదకొండు నెలలు. అంటే నెలలో సగం రాత్రులు వాడికి తల్లీ తండ్రీ నేనే. వాడు పదకొండింటికి లేస్తాడు, ఒంటిగంటన్నరకు లేస్తాడు, నాలుగింటికి లేస్తాడు. పళ్ళొచ్చే రోజుల్లో ఆ లెక్క కూడా ఉండదు. ఐదున్నరకు నేను లేవాలి. నీళ్ళు పట్టాలి, పెద్దపాపకు డబ్బా కట్టాలి, చిన్నోడికి రాగిజావ కాచాలి. ఎనిమిదింబావుకు వాణ్ణి కింది వాటా ఖాలా చేతిలో పెట్టి బయల్దేరతాను. మా ఆవిడ డ్యూటీ దిగి ఇల్లు చేరేదాకా ఆ గంటసేపు వాణ్ణి ఎత్తుకునేది ఆమే. ఆమెతో మాకు చుట్టరికం లేదు, మతం ఒకటి కాదు, ఇంటి భాష ఒకటి కాదు. ఇంత పెద్ద పట్నంలో మాకు దొరికిన గూడెం ఆమె ఒక్కతే.

మా ఆవిడ లెక్క నా లెక్క కన్నా అన్యాయం. పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. వాడేమో పగలు ఆడుకోవాలి. వాడు కన్ను మూసినప్పుడు ఆమె మూస్తుంది, వాడు తెరిచినప్పుడు ఆమె తెరుస్తుంది. మా ఇంట్లో ఏడాదిగా ఏ రాత్రీ ఇద్దరం కలిసి నిండా పడుకోలేదు. ఇది మా ఒక్కరి కథ కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ, అమ్మమ్మ, నాయనమ్మ దగ్గర లేని ప్రతి ఇంటి కథా ఇదే. అయితే ఆదివాసీ టీచర్ దగ్గరికి వచ్చేసరికి ఈ కథకు ఇంకో ముల్లు ఉంటుంది. అది చెప్పాలి.

నేను పనిచేసిన ఒక బడిలో, ఎర్రబడ్డ కళ్ళతో వెళ్ళిన రోజు ఒకాయన నవ్వుతూ అన్నాడు. "ఏం సార్, రాత్రి ఇప్పసారా గట్టిగనే పడ్డట్టుంది?" స్టాఫ్ రూములో మిగతావాళ్ళు నవ్వారు. అవే రోజుల్లో అదే స్టాఫ్ రూములో ఇంకో సారుకు పాప పుట్టింది. ఆయనా ఆవులిస్తూనే వచ్చేవాడు. ఆయన్ని మాత్రం "పాప పండనిస్తలేదా సార్?" అని అడిగారు, చాయ్ తెప్పించారు. కళ్ళు ఇద్దరివీ ఎర్రగానే ఉన్నాయి. ఆయన కళ్ళ వెనక పాప కనబడింది. నా కళ్ళ వెనక సీసా కనబడింది. చూసినవాళ్ళ కంట్లో ముందే ఉన్న బొమ్మ అది. ఆదివాసీ అంటే తాగుతాడు, ఆదివాసీ అంటే బద్ధకస్తుడు, చెట్టు కింద పడుకుంటాడు. టీచర్ ఉద్యోగం వచ్చినా ఆ బొమ్మ మనల్ని వదలదు.

అందుకే మనవాళ్ళు నిద్ర సంగతి దాస్తారు. సెలవు చీటీ మీద "జ్వరం" అని రాస్తారు, "బిడ్డ రాత్రంతా ఏడ్చాడు" అని రాయరు. కళ్ళకు నీళ్ళు కొట్టుకుని, అద్దంలో చూసుకుని, మొహం తేటగా ఉందని నమ్మకం కుదిరాకే గేటు దాటుతారు. తోటి టీచర్ అలసటను మాత్రమే మోస్తాడు. మనం అలసటను, దాని మీద పడే అనుమానాన్ని రెండింటినీ మోస్తాం.

ఆ నవ్విన పెద్దమనుషులకు ఒక లెక్క చెబుతాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు చెందిన ఇద్దరు పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. 17 నుంచి 19 గంటలు వరసగా మేల్కొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగానో అంతకన్నా తక్కువగానో ఉందని అందులో తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. 2014లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో సంగతి చూశారు. రాత్రంతా మంచం మీదే ఉన్నా, నాలుగుసార్లు లేపితే, ఆ మనిషి మర్నాడు నాలుగు గంటలే పడుకున్న మనిషిలాగా ఉంటాడు. ధ్యాస తప్పుతుంది, మనసు కుంగుతుంది. ఆ అధ్యయనంలో వాళ్ళను లేపింది ఒక్క రాత్రే. చంటిపిల్లలున్న ఇంట్లో అది నెలల తరబడి నడుస్తుంది.

అంటే చుక్క ముట్టని మనిషి కూడా తాగినవాడి ఒళ్ళుతో నిలబడే రోజులుంటాయి. తాగిన డ్రైవర్‌ని పోలీసులు రోడ్డు మీద ఆపుతారు. విమానం నడిపే పైలట్‌కు ఇన్ని గంటలు విశ్రాంతి ఇవ్వాలని నిబంధన ఉంది. ముప్పై, నలభై మంది పిల్లలను చేతిలో పెట్టిన టీచర్ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడని ఏ రిజిస్టరులోనూ గడి లేదు. ఇప్పుడు ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకుంటున్నాం. ఆ మొహం ఎవరిదో యంత్రం పట్టేస్తుంది. ఆ మొహం రాత్రి ఏం మోసిందో దానికి అక్కర్లేదు, దాన్ని పెట్టించినవాళ్ళకూ అక్కర్లేదు.

మన గూడేలకు ఈ లెక్క కొత్త కాదు. జొన్న చేలు కంకి పట్టే రోజుల్లో మా నాయన మంచె మీద పడుకునేవాడు. పడుకోవడం అంటే మాటవరసకే. రాత్రంతా డబ్బా కొట్టి, కేకలేసి అడవి పందుల్ని తోలేవాడు. పొద్దున ఇంటికి వస్తే మా అవ్వ అంబలి పోసి "పండుకో" అనేది. ఆ పూట ఆయన్ని ఎవరూ నాగలి పట్టమనేవాళ్ళు కాదు. పక్క చేనువాళ్ళతో వంతులు కూడా ఉండేవి, ఈ రాత్రి నువ్వు, రేపు నేను అని. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్ళు మూడింటికే లేచి బుట్టలతో అడవికి పోయేవాళ్ళు, పసిపిల్లల్ని గుడ్డలో కట్టుకుని. ఎండెక్కితే ఇంటికొచ్చి నీడన నడుం వాల్చేవాళ్ళు. మధ్యాహ్నం గూడెంలో అలికిడి ఉండేది కాదు. ఆ కునుకును చూసే బయటివాడు మనకు బద్ధకస్తులని పేరు పెట్టాడు. వాడు పొద్దెక్కాక వచ్చాడు కాబట్టి మూడింటి చీకటిని చూడలేదు.

గూడెం లెక్క సూటిగా ఉండేది. కాపలా కాసినోడికి కునుకు బాకీ. రాత్రి పని చేసినవాడికి పగలు కొంత వదలాలి. బిడ్డను కాయడం కన్నా పెద్ద కాపలా ఏముంది?

అట్లాగని పాతరోజులే మేలని నేను అనను. నన్ను ఎత్తుకున్న ఒళ్ళు తొమ్మిదని మా అవ్వ చెబుతుంది. ఆ తొమ్మిదిలో ఒకటి మా అక్కది. అక్కకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నన్ను ఎత్తుకోవడానికి ఆమె బడి మానేసింది, మళ్ళీ పోలేదు. నా డీఎడ్ సర్టిఫికెట్ మీద నా పేరుంది కానీ అందులో సగం ఆమె చదువు. గూడెం ఒళ్ళు ఉమ్మడిదే, దాని ఖర్చు మాత్రం ఆడపిల్లల మీద పడింది. నా పెద్దపాప తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మానదు, రాత్రి లేవదు. అది మా ఇంట్లో మేము గీసుకున్న గీత. ఆ గీత నిలబెట్టడానికే రాత్రి నేను లేస్తున్నాను. దానికి నాకు బాధ లేదు. పగలు నన్ను ఏ రాత్రీ లేని మనిషిలా చూడటమే నా బాధ.

మరి రోజు ఎట్లా నెట్టుకొస్తున్నావని తోటి టీచర్లు అడుగుతారు. దాచేదేం లేదు. మర్నాటి పాఠం ముందు రోజు సాయంత్రమే చార్టు మీద రాసి పెట్టుకుంటాను, పొద్దున బుర్ర మీద ఆధారపడకుండా. లెక్కలు, కొత్త పాఠం మొదటి రెండు పీరియడ్లలోనే అయిపోవాలి. అన్నం తర్వాత కుర్చీలో కూర్చోను. ఆ పూట పిల్లలే ఎక్కాలు చెప్పిస్తారు, ఒకరిది ఒకరు దిద్దుకుంటారు, కథ చదువుతారు, నేను బెంచీల మధ్య తిరుగుతాను. చాయ్ మధ్యాహ్నం తర్వాత ముట్టను, ముడితే ఆ రాత్రి వచ్చే రెండు గంటలు కూడా రావు. మధ్యాహ్న భోజనం అయ్యాక బీరువా పక్కన పన్నెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటాను. మూడు దాటాక ఏ పిల్లవాడి తప్పు మీదా తీర్పు చెప్పను, రేపు పొద్దున చూద్దాం అంటాను. నైట్ డ్యూటీ వారాల్లో బండి తీయను, బస్సులో పోతాను.

ఇవి చిట్కాలు. పనికొస్తాయి, వాడుకోండి. కానీ చిట్కాలతో హక్కుల బాకీ తీరదు. ఎంత జాగ్రత్త పడినా మధ్యాహ్నం పాఠం పొద్దుటి పాఠమంత పదునుగా ఉండదు. ఆ తేడా ఎవరు కడుతున్నారు? పాతబస్తీ పేద పిల్లలు. మీ ఊళ్ళో అయితే మన గూడెం పిల్లలు.

ఆ పిల్లల సంగతి కూడా చూడండి. పాతబస్తీ రాత్రి త్వరగా పడుకోదు. తండ్రులు ఆటో నడుపుతారు, హోటళ్ళలో చేస్తారు, ఫంక్షన్ హాళ్ళలో వడ్డిస్తారు. ఏ అర్ధరాత్రో ఇంటికొస్తారు. ఒక్క గది ఇల్లు. తండ్రి వచ్చి దీపం వేస్తే అందరూ లేస్తారు. కొన్ని ఇళ్ళల్లో లక్క గాజులకు రాళ్ళు అతికే పని రాత్రి దాకా నడుస్తుంది, పిల్లలూ చెయ్యి వేస్తారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి రెండో పీరియడ్‌లోనే బెంచీ మీద తల వాలుస్తుంది. ఆమెకూ ఇంట్లో చంటి తమ్ముడున్నాడు. ఒకరోజు ఆమె నా మొహం చూసి, "సర్, రాత్ కో సోయే నై క్యా?" అని అడిగింది. రాత్రి పడుకోలేదా అని. ఆ స్టాఫ్ రూములో ఎవరికీ తట్టని మాట తొమ్మిదేళ్ళ పిల్లకు తట్టింది, ఎందుకంటే ఆమెదీ అదే రాత్రి. నిద్రపోతున్న పిల్లను లేపి నిలబెట్టే టీచర్, నిద్రలేని టీచర్‌ను చూసి నవ్వే స్టాఫ్ రూము, రెండూ ఒకే రోగం. మనిషి వెనక ఒక రాత్రి ఉంటుందని ఒప్పుకోకపోవడమే ఆ రోగం.

ఇప్పుడు గంట దగ్గరికి వద్దాం. "స్కూల్ టైము అంటే టైమే, ఒక్కరి కోసం మార్చడం కుదరదు" అంటారు. ఇది నిజం కాదు. మార్చి రెండోవారం దాటితే ఒంటిపూట బడులు వస్తాయి, 8 నుంచి 12:30 దాకా. ఎండ కోసం గంట జరిగింది. రంజాన్ నెలలో ఉర్దూ మీడియం బడులను 8 నుంచి 1:30 దాకా నడపడానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. 2025 రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు, టీచర్లు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్ళొచ్చని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. ఉపవాసం ఉన్న మనిషి ఒళ్ళును, సహరీకి లేచిన మనిషి నిద్రను గుర్తించి గంట జరిగింది. నాకు దాని మీద అసూయ లేదు. అది మంచి పని, పాతబస్తీలో పనిచేసేవాడిగా దాని విలువ నాకు తెలుసు. నా వాదనకు అదే ఆధారం.

2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది. ఎస్జీటీలను, ప్రాథమిక బడుల హెచ్ఎంలను సర్వేకు పంపడానికి ప్రాథమిక బడులను మూడు వారాలకు పైగా మధ్యాహ్నం ఒంటిగంటకే ముగించారు. ప్రభుత్వానికి లెక్కలు కావాల్సి వస్తే రాష్ట్రంలోని ప్రాథమిక బడులన్నిటి గంట ఒక్క ఉత్తర్వుతో జరిగింది. విద్యాహక్కు చట్టం 2009 ఏం చెప్పింది? ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. టీచర్‌కు వారానికి 45 గంటలు, తయారీ సమయం కూడా కలుపుకుని. గంటలు ఎన్నో చెప్పింది కానీ ప్రతి టీచరూ ఫలానా నిమిషానికే గేటు దాటాలని చెప్పలేదు. నలుగురు టీచర్లున్న బడిలో ఒకరు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చి ముప్పావుగంట ఆలస్యంగా వెళితే ఆ 45 గంటల్లో ఒక్క నిమిషం కూడా తగ్గదు. ప్రార్థన, చదివించే పీరియడ్ మిగిలిన ముగ్గురూ చూసుకుంటారు. సాయంత్రం వెనకబడ్డ పిల్లలతో ఆ ఒక్కరు కూర్చుంటారు. మంచె మీద వంతుల్లాంటిదే ఇది.

సెలవుల సంగతీ చూద్దాం. తల్లికి 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. పోరాడి తెచ్చుకున్నది, గొప్పదే. తండ్రికి 15 రోజులు. తెలంగాణలో శిశు సంరక్షణ సెలవు మహిళా ఉద్యోగులకు మాత్రమే, సర్వీసు మొత్తం మీద 90 రోజులు, అదీ ముక్కలుగా. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2022లో 180 రోజులు చేశారు. కేంద్రంలో మహిళా ఉద్యోగులకు 730 రోజులుంది. మనదాన్ని పక్కన పెట్టి చూసుకోండి. పైగా ఈ లెక్కల వెనకున్న నమ్మకం ఏమిటి? పదహారో రోజు నుంచి తండ్రి బిడ్డకు అక్కర్లేదని. భార్య నైట్ డ్యూటీకి పోయే ఇల్లు ఉంటుందని ఆ నిబంధన రాసినవాళ్ళకు తట్టలేదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మా బడిలో టీచర్లం నలుగురం. ఏజెన్సీలో ఏకోపాధ్యాయ బడులున్నాయి. ఒక్కో బడిని విడిగా లెక్కపెడితే మనం ఏ జన్మకూ 50 కాము. హాజరు తీసుకోవడానికి రాష్ట్రం మొత్తం ఒకే యాప్‌లో ఉండగలిగినప్పుడు, పిల్లల కేంద్రం కోసం ఒక మండలం బడులను కలిపి ఎందుకు లెక్కపెట్టరు? చాలా బడుల ఆవరణలో అంగన్‌వాడీ ఉంది. అక్కడ మూడేళ్ళ లోపు బిడ్డను పగలంతా చూసుకునే మనిషి ఒకరుంటే టీచర్ బిడ్డకే కాదు, ఆ వీధిలో కూలికి పోయే తల్లి బిడ్డకూ నీడ దొరుకుతుంది. ఆ నాలుగో తరగతి పిల్ల కూడా తమ్ముణ్ణి అక్కడ దింపి వచ్చి, బెంచీ మీద కళ్ళు తెరిచి కూర్చుంటుంది.

మనకు ఒళ్ళు ఎందుకు కరువయ్యాయో కూడా మాట్లాడాలి. 1940లలో, ఇది నిజాం రాజ్యంగా ఉన్నప్పుడే, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చి గోండు పల్లెల్లోనే పాఠం చెప్పించారు. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. బయటి టీచర్లు ఏజెన్సీ బడులకు సరిగా రావడం లేదన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఇల్లు దగ్గరున్న టీచర్ బడికి వస్తాడని ప్రభుత్వమే ఒప్పుకున్న మాట అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. 2021 డిసెంబరులో జీవో 317 వచ్చి టీచర్లను కొత్త జిల్లాలకు పంచింది. భార్య ఒక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో పడిన ఇళ్ళు ఎన్నో. వాళ్ళ ధర్నాలు మనం చూశాం. ఆ ధర్నాల్లో చంకన ఉన్న బిడ్డలు రాత్రి ఎవరి దగ్గర పడుకుంటున్నారో ఏ ఫైలులోనూ లేదు. స్థానికత మీద, బదిలీల మీద మనం మాట్లాడేటప్పుడు రోస్టర్లు, సీనియారిటీ మాట్లాడతాం. అమ్మమ్మ ఒడికీ బిడ్డకూ మధ్య ఎన్ని కిలోమీటర్లు పెరిగాయన్నది కూడా మాట్లాడాలి.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పనిచేసే మన టీచర్లకు ఇది ఇంకా బాగా తెలుసు. రాత్రి పిల్లల దగ్గర డ్యూటీ, పొద్దున స్టడీ అవర్, తర్వాత మామూలు క్లాసులు. ఒకరి పిల్లలను కాయడానికి తన బిడ్డను వదిలి వచ్చిన తల్లి, మర్నాడు పాఠంలో హుషారుగా లేదని మాట పడుతుంది.

ఇంతవరకు ప్రభుత్వాన్ని అన్నాను. ఇక మనల్ని మనం అనుకోవాలి. ఉద్యోగం వచ్చిన మన మగవాళ్ళలో చాలామంది పట్నం పద్ధతి ఒకటి తొందరగా నేర్చారు. రాత్రి బిడ్డ ఏడిస్తే పక్కకు తిరిగి పడుకోవడం. "నాకు పొద్దున డ్యూటీ ఉంది" అంటారు. ఆమెకు లేదా? మా నాయన చెల్లెను భుజాన వేసుకుని మంచె ఎక్కిన రాత్రులు నాకు గుర్తున్నాయి. అప్పుడు ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు. ఈరోజు నేను పాలసీసా కడుగుతానంటే మనవాళ్ళే నవ్వుతున్నారు. తమ్ముళ్ళూ, ఇంట్లో రాత్రి కాపలా కాయని మనిషికి బడిలో సెలవు అడిగే నోరు ఎక్కడిది? తండ్రి సెలవు పెంచమని అడిగేది, తండ్రి లేస్తాడన్న లెక్క మీదే. పెరిగిన సెలవులో పేకాట ఆడేవాళ్ళ కోసం నేను వాదించడం లేదు.

"మా అమ్మలు పదిమందిని పెంచలేదా, ఈ కాలం వాళ్ళకే నిద్ర కావాలా?" అనేవాళ్ళున్నారు. పెంచారు. తొమ్మిది ఒళ్ళతో, ఒక ఎనిమిదేళ్ళ అక్క చదువుతో పెంచారు. ఎంతమంది పసిపిల్లల్ని మట్టిలో పెట్టారో కూడా ఆ అమ్మలనే అడగండి. "నెల తిరిగితే జీతం తీసుకుంటున్నారు, పిల్లలకు నష్టం కాదా?" అనేవాళ్ళున్నారు. నష్టమే. ఆ నష్టం ఆపమనే నా గోల. అలసిన టీచర్‌ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టినంత మాత్రాన పిల్లలకు పాఠం రాదు. "అందరూ ఇట్లాగే అడిగితే?" అనేవాళ్ళున్నారు. ఏ బడిలోనైనా రెండేళ్ళ లోపు బిడ్డలున్న టీచర్లు ఒకేసారి ఎందరుంటారు? ఒకరు, మహా అయితే ఇద్దరు. ఆ ఒకరు రేపు ఇంకొకరికి వంతు ఇస్తారు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. రెండేళ్ళ లోపు బిడ్డ ఉన్న టీచర్‌కు, తల్లికైనా తండ్రికైనా, పొద్దున ముప్పావుగంట సడలింపు ఇచ్చి సాయంత్రం పూడ్చుకునే అధికారం హెచ్ఎంకు రాతపూర్వకంగా ఉండాలి. ఆ రెండేళ్ళు వాళ్ళకు బీఎల్‌ఓ పని, సర్వే పని, ఆశ్రమ పాఠశాలల్లో రాత్రి డ్యూటీ వేయకూడదు. తండ్రి సెలవు 15 రోజుల దగ్గర ఆగకూడదు, శిశు సంరక్షణ సెలవు తండ్రులకూ రావాలి. మండలం మొత్తం టీచర్లను ఒక లెక్కగా తీసుకుని బడి ఆవరణలోని అంగన్‌వాడీల్లో చంటిపిల్లల కేంద్రాలు తెరవాలి. బదిలీల్లో చంటిబిడ్డ ఉన్నవారికి సొంత ఊరికి, జీవిత భాగస్వామికి దగ్గరున్న చోటు ముందు ఇవ్వాలి.

ఇవి పీఆర్సీ, డీఏ అంత పెద్ద డిమాండ్లు కావని సంఘాల్లో పక్కన పెడతారు, నాకు తెలుసు. అందుకే మన ఆదివాసీ టీచర్ల సంఘాల్లో ముందు మనమే ఎత్తుకోవాలి. వచ్చే మహాసభ తీర్మానాల్లో ఇది ఒకటిగా ఉండాలి. మీ మండలంలో రెండేళ్ళ లోపు బిడ్డలున్న టీచర్లు ఎందరో ఈ నెలలోనే లెక్క రాయండి. పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. సెలవు చీటీ మీద ఇకనుంచి అసలు కారణం రాయండి. "బిడ్డ నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు" అని రాయడం సిగ్గుపడాల్సిన వాక్యం కాదు. స్టాఫ్ రూములో ఎవరైనా సారా పేరెత్తి నవ్వితే తల దించుకోకండి. "రాత్రి నా బిడ్డను నేను కాచుకున్నాను, మీ ఇంట్లో ఎవరు కాచారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఆ పెద్దమనిషికి ఒక ఆడమనిషి మొహం గుర్తుకొస్తుంది.

కొత్తగా డీఎడ్ చేస్తున్న మన పిల్లలకు చెప్పేది ఇదే. మంచి టీచర్ కావాలంటే ఇంటిని గేటు బయట వదలమని మీకూ చెబుతారు. వదలకండి. ఇంటి సంగతి తెలిసిన టీచర్‌కే బెంచీ మీద తల వాల్చిన పిల్ల సంగతి అర్థమవుతుంది. బడి మన దగ్గర ఏడాదికి 800 గంటల బోధన తీసుకుంటున్నది. తీసుకోనివ్వండి, ఒక్క గంట కూడా తగ్గించమని మనం అడగడం లేదు. రాత్రి కాపలాకు పడ్డ బాకీ మాత్రం కట్టమని అడుగుదాం.